ఆ టేబుల్‌లో పేరు కాలమ్ లేదు

ఈ వారం ఒక ఫారంతో మొదలుపెడదాం. 1850లో అమెరికా ప్రభుత్వం జనాభా లెక్కల కోసం తయారుచేసిన ఫారం అది. పేరు 'స్లేవ్ షెడ్యూల్'. బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న రాష్ట్రాల్లో ఎన్యూమరేటర్లు తిరిగి తిరిగి దాన్ని నింపారు. ఇప్పుడు ఆ పేజీల స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఫోన్‌లోనే చూడొచ్చు.

ఎడమవైపు మొదటి కాలమ్‌లో ఒక పేరుంటుంది. అది యజమాని పేరు. దాని పక్కన కిందికి వరుసలు. ఒక్కో వరుస ఒక్కో మనిషి. ఆ మనిషి గురించి రాసింది వయసు, ఆడా మగా, ఒంటి రంగు. పారిపోయాడా, విడుదల చేశారా, చూపు, వినికిడి ఉన్నాయా అని ఇంకొన్ని కాలమ్స్. ఏడాది నిండని పసిపిల్లల వయసుని పన్నెండో వంతుల లెక్కలో, నెలలతో సహా రాశారు. అంత జాగ్రత్త! కానీ పేరు రాయడానికి మాత్రం చోటు లేదు. యాభై మంది ఉంటే యాభై వరుసలు, అంతే. అక్కడక్కడా కొందరు ఎన్యూమరేటర్లు సొంతంగా పేర్లు రాసినా, వాళ్లు చాలా తక్కువ.

ఇది ఎవరో మర్చిపోయి వదిలేసిన కాలమ్ అనుకోకండి. మొదటి ముసాయిదాలో బానిసల పేర్లు కూడా రాయాలనే ఉంది. సెనేట్‌లో చర్చకొచ్చినప్పుడు దక్షిణాది సెనేటర్లు అడ్డుపడ్డారు. పేర్లెందుకు, నంబర్ చాలన్నారు. పేరు ఎగిరిపోయింది. 1860 లెక్కల్లోనూ అదే పద్ధతి. ఆ ఏడాది లెక్కతేలిన బానిసలు 39 లక్షల 53 వేల మంది.

డేటాబేస్‌ల మీద పనిచేసే నాలాంటివాళ్లకి ఇది చదవగానే ఒకటే మాట తడుతుంది. స్కీమా డెసిషన్! ఒక మీటింగ్‌లో కూర్చుని ఒక కాలమ్ తీసేశారు. దాని దెబ్బ ఇప్పటికీ తగులుతూనే ఉంది. ఇవాళ ఒక నల్లజాతి అమెరికన్ తన ముత్తాతల గురించి వెతకడం మొదలుపెడితే 1870 జనాభా లెక్కల దాకా దారి బాగానే ఉంటుంది. 1865లో బానిసత్వం రద్దయ్యాక జరిగిన మొదటి లెక్కలు అవి. అందరికీ పేర్లున్నాయి. ఇంకో పదేళ్లు వెనక్కి వెళ్తే గోడ. వంశవృక్షాలు వెతికేవాళ్లు దాన్ని '1870 గోడ' అనే అంటారు.

ఆ గోడకి కంప్యూటర్లతో కన్నం ఎలా వేస్తున్నారో చూద్దాం. దాంతోపాటు ఇంకో సంగతి కూడా గమనిద్దాం. అవే రికార్డుల్ని 'ఎంతమంది?' అని అడిగితే ఒక చరిత్ర బయటికొస్తుంది. 'ఎవరు?' అని అడిగితే ఇంకో చరిత్ర వస్తుంది.

ముందు ఓడల లెక్క

'ఎంతమంది' అనే ప్రశ్నని తక్కువ చేయకూడదు. చాలాకాలం దానికే సరైన జవాబు లేదు. ఒక్కో చరిత్రకారుడు ఒక్కో దేశం రేవుల రికార్డులు చూసి సొంత లెక్కలు వేసుకునేవాడు. 1990లో లండన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో డేవిడ్ ఎల్టిస్, స్టీఫెన్ బెరెండ్ట్ అనే ఇద్దరు అనుకోకుండా కలిశారు. ఒకరు బానిస వ్యాపారం తొలినాళ్ల మీద, ఇంకొకరు చివరి రోజుల మీద పనిచేస్తున్నారు. మన డేటా కలిపేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడ పుట్టింది. మరికొందరు తోడయ్యారు. 1999లో 27,233 ఓడ ప్రయాణాల వివరాలతో సీడీ వచ్చింది. 2008లో 'స్లేవ్ వాయేజెస్' పేరుతో వెబ్‌సైట్ అయింది. ఇప్పుడు అందులో 36 వేలకు పైగా ప్రయాణాలున్నాయి.

ఒక్కో ప్రయాణానికి ఒక రికార్డు. ఓడ పేరు, ఏ జెండా కింద నడిచింది, కెప్టెన్ ఎవరు, ఆఫ్రికాలో ఏ రేవులో మనుషుల్ని ఎక్కించారు, ఎంతమందిని ఎక్కించారు, ఎన్ని రోజులు పట్టింది, అవతలి ఒడ్డున ఎంతమంది దిగారు. ఫిల్టర్ పెట్టుకుని మనకి కావాల్సింది తీసుకోవచ్చు. దొరకని రికార్డుల్ని కూడా అంచనా కట్టి వాళ్లు చెప్పిన మొత్తం ఇది: మూడున్నర శతాబ్దాల్లో ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించింది 1 కోటి 25 లక్షల మందిని. బతికి దిగింది 1 కోటి 7 లక్షల మంది. మధ్యలో తేడా ఉన్న 18 లక్షల మంది సముద్రంలోనే పోయారు.

ఈ డేటా కొన్ని నమ్మకాల్ని తలకిందులు చేసింది. బానిసత్వం అనగానే మనకి అమెరికా పత్తి తోటలే గుర్తొస్తాయి కదా. కానీ ఇవాళ్టి అమెరికా ఉన్న నేల మీద నేరుగా దిగినవాళ్లు సుమారు 3 లక్షల 88 వేల మందే. బ్రెజిల్‌లో దిగింది 48 లక్షల మంది. మరి 1860కి అమెరికాలో దాదాపు 40 లక్షల మంది బానిసలు ఎక్కడ్నుంచి వచ్చారు? అక్కడే పుట్టారు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. మిగతా చోట్లా అదే దారి. 1808 నుంచి విదేశాల నుంచి తేవడం నిషేధం. అయినా లోపల వ్యాపారం ఆగలేదు, ఇంకా పెరిగింది. వర్జీనియా, మేరీలాండ్ లాంటి చోట్ల పుట్టినవాళ్లని మిసిసిపీ, లూసియానా పత్తి పొలాలకి, చెరకు తోటలకి అమ్మేశారు. రిచ్‌మండ్ యూనివర్సిటీ డిజిటల్ ల్యాబ్ దీన్ని ఇంటరాక్టివ్ మ్యాప్‌గా చేసింది. 1810 నుంచి 1860 దాకా ఇలా దాదాపు 8 లక్షల 50 వేల మందిని తరలించారని అది చెబుతుంది. దశాబ్దం మారుస్తూ పోతే ఒక ప్రాంతం ఖాళీ అవుతుంది, ఇంకో ప్రాంతం నిండుతుంది. ప్రతి కదలికలో ఒక తల్లో, తండ్రో, పిల్లో వెనక ఉండిపోయారన్నది మ్యాప్‌లో కనిపించదు. అది మనమే గుర్తుపెట్టుకోవాలి.

ఓడల డేటాబేస్‌లో ప్రధానంగా కనిపించని ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఓడలు ఆఫ్రికాకి ఖాళీగా వెళ్లలేదు. మనుషుల్ని కొనడానికి సరుకు తీసుకెళ్లేవి. అందులో పెద్ద వాటా ఇండియా నూలు బట్టలది. మన కోరమాండల్ తీరంలో నేసినవి కూడా వాటిలో ఉన్నాయి. నెల్లూరు వైపు నేసిన 'సేలంపూరి' అనే నీలం బట్ట వెస్టిండీస్‌లో బానిసలు కట్టుకునే మామూలు బట్టగా పేరుపడింది. నేసినవాళ్లకి అది ఎక్కడికి పోతుందో తెలిసే దారే లేదు. ఇది మనకి సంబంధం లేని కథ అనుకునేముందు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు.

తోటలో ఎక్సెల్ షీట్

సెన్సస్ ఫారంలో పేరు లేదన్నాను. మరి ఎక్కడా రాయలేదా అంటే, రాశారు. డబ్బు లెక్క ఉన్న ప్రతిచోటా రాశారు.

1840ల చివర్లో థామస్ ఆఫ్లెక్ అనే ఆయన తోటల యజమానుల కోసం అచ్చు ఖాతా పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టాడు. గళ్లు ముందే గీసి ఉంటాయి, నింపుకోవడమే. ఒక పేజీలో ఎడమవైపు బానిసల పేర్లు, పైన వారంలో రోజులు, గడుల్లో ఎవరు ఎన్ని పౌండ్ల పత్తి తీశారో లెక్క. ఇంకో పేజీలో ఒక్కొక్కరి పేరు, వయసు, ఏడాది మొదట్లో విలువ ఎంత, ఏడాది చివర విలువ ఎంత. ఎదుగుతున్న పిల్లాడి 'విలువ' పెరుగుతుంది. వయసు మీదపడినవాళ్లది తగ్గుతుంది. ఆఫీసులో లాప్‌టాప్‌లకి డిప్రిసియేషన్ వేస్తామే, అచ్చం అలాగే.

కేట్లిన్ రోసెంతాల్ అనే చరిత్రకారిణి ఈ పుస్తకాల మీద 2018లో 'అకౌంటింగ్ ఫర్ స్లేవరీ' అనే పుస్తకం రాశారు. ఆవిడ ముందు మెకిన్సీలో కన్సల్టెంట్. అందుకే ఆ గళ్లు చూడగానే అవేంటో ఆవిడకి వెంటనే అర్థమై ఉండాలి. బానిస యజమానులు పాతకాలపు మొరటు మనుషులు, వాళ్లకి మేనేజ్‌మెంట్ తెలీదు అన్న ఊహకి ఈ పుస్తకం గట్టి దెబ్బ. ప్రొడక్టివిటీ కొలవడం, మనిషిని 'ఫుల్ హ్యాండ్', 'హాఫ్ హ్యాండ్' అని యూనిట్లుగా మార్చడం, ఏడాదికేడాది పోల్చడం వాళ్లకి బాగా తెలుసు. ఎదుటి మనిషికి కాదని చెప్పే హక్కు లేనప్పుడు లెక్కలు ఇంకా సాఫీగా సాగుతాయి.

కాబట్టి అమెరికా బానిసత్వం మీద ఈరోజు మనం తెరిచే డేటాబేస్‌లలో చాలావాటికి మూలం ఇలాంటి కాగితాలే. అమ్మకం పత్రాలు, ఆస్తి పంపకాల జాబితాలు, ఓడల మానిఫెస్టులు. రాసింది కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు. కాలమ్స్ వాళ్లవి. దాన్ని యథాతథంగా తెచ్చి కంప్యూటర్లో పోసేస్తే వాళ్ల చూపునే ఇంకోసారి కాపీ చేసినట్టు. జెసికా మేరీ జాన్సన్ అనే చరిత్రకారిణి 2018లో రాసిన వ్యాసంలో డిజిటల్ చరిత్ర రాసేవాళ్లందరినీ ఈ విషయంలోనే హెచ్చరించారు.

సగటు చేసిన మాయ

ఆ హెచ్చరిక ఎందుకు అవసరమో తెలియాలంటే 1974కి వెళ్లాలి. రాబర్ట్ ఫోగెల్, స్టాన్లీ ఎంగర్‌మన్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు 'టైమ్ ఆన్ ది క్రాస్' అనే పుస్తకం తెచ్చారు. అప్పటి పెద్ద కంప్యూటర్లతో బోలెడు డేటా నమిలి, బానిసత్వం గురించి అందరూ అనుకుంటున్నవి చాలా తప్పన్నారు. అందులో ఒక లెక్క బాగా గొడవైంది. లూసియానాలో బెన్నెట్ బారో అనే యజమాని డైరీ ఉంది. రెండేళ్ల కాలంలో 160 సార్లు కొరడా దెబ్బలు కొట్టించినట్టు అందులో నమోదైంది. దాన్ని మనుషుల సంఖ్యతో భాగించి, ఒక్కొక్కరికి ఏడాదికి సగటున 0.7 సార్లు అన్నారు. వినడానికి ఎంత చిన్నగా ఉందో చూడండి.

మరుసటి ఏడాది హెర్బర్ట్ గట్‌మన్ అనే చరిత్రకారుడు అదే డైరీ, అదే 160 తీసుకుని ఇంకోలా భాగించాడు. మనుషులతో కాకుండా రోజులతో. ఆ తోటలో సగటున ప్రతి నాలుగున్నర రోజులకి ఒకరి వీపు మీద కొరడా పడింది. మిగతావాళ్లంతా చూస్తూనే ఉండాలి. భయపెట్టడానికి అందరినీ కొట్టక్కర్లేదు కదా, అందరికీ కనపడేలా ఒకరిని కొడితే చాలు.

డేటా మారలేదు. కోడ్‌లో తప్పు లేదు. కింద పెట్టిన అంకె మారిందంతే. ఫోగెల్‌కి 1993లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన తెలివి తక్కువవాడేం కాదు. అయినా ఆ 0.7 చూస్తే కొరడా ఎత్తినవాడు దాన్ని హాయిగా ఒప్పుకుంటాడనిపిస్తుంది. డ్యాష్‌బోర్డులు తయారుచేసే ప్రతి ఒక్కరూ ఒకసారి చదవాల్సిన గొడవ ఇది.

ఎవరు? అని అడిగితే

ఇప్పుడు రెండో ప్రశ్నకి వద్దాం. ఇక్కడ ముందు చెప్పుకోవాల్సిన పేరు గ్వెండలిన్ మిడ్లో హాల్. 1984లో ఈ చరిత్రకారిణి లూసియానాలోని పాయింట్ కూపీ పారిష్ కోర్టు కాగితాలు తిరగేస్తున్నారు. అవి ఫ్రెంచ్, స్పానిష్ పాలన నాటివి. అక్కడి నోటరీలు బానిసల పేర్లతోపాటు చాలామందికి ఆఫ్రికాలో ఏ జాతివాళ్లో కూడా రాసిపెట్టారు. ఏ పని వచ్చు, ఏ జబ్బుంది, పిల్లలెవరు, ధర ఎంత అని కూడా. అప్పటిదాకా చాలామంది పండితుల నమ్మకం ఏంటంటే, ఓడ దిగినవాళ్ల మూలాలు పూర్తిగా చెరిగిపోయాయి, ఇక తెలుసుకోలేం అని.

ఆవిడ ఒక కోర్టుతో ఆగలేదు. దాదాపు పదిహేనేళ్లు లూసియానాతోపాటు ఫ్రాన్స్, స్పెయిన్ ఆర్కైవ్‌లు కూడా తిరిగి, సహాయకులతో కలిసి లక్షకు పైగా మనుషుల రికార్డులు డేటాబేస్‌లోకి ఎక్కించారు. 2000లో సీడీగా వచ్చింది, తర్వాత ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతుక్కునేలా పెట్టారు. ధర కాలమ్ అందులోనూ ఉంది. కానీ మనం వెతికేది ధరని బట్టి కాదు, పేరుని బట్టి, జాతిని బట్టి, తల్లీబిడ్డల బంధాన్ని బట్టి. అమ్మడానికి రాసిన కాగితం బంధువుల్ని కలిపే కాగితంగా మారింది.

మీ అన్నయ్యో అక్కో హ్యూస్టన్‌లో ఉంటే, న్యూ ఆర్లీన్స్ ట్రిప్ వేసినప్పుడు విట్నీ ప్లాంటేషన్‌కి వెళ్లమని చెప్పండి. ఊరి నుంచి గంట ప్రయాణం. అక్కడ హాల్ పేరు మీద కట్టిన గోడల మీద ఆవిడ డేటాబేస్‌లోని 1,07,000 పేర్లు చెక్కారు. ఒక డేటాబేస్ రాతి గోడగా మారడం నేనింకెక్కడా వినలేదు.

పట్టుకోవడానికి ఇచ్చిన ప్రకటన

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే ప్రాజెక్ట్ కార్నెల్ యూనివర్సిటీ నడిపే 'ఫ్రీడమ్ ఆన్ ది మూవ్'. పారిపోయిన బానిసల్ని పట్టిస్తే బహుమానం ఇస్తామని యజమానులు పాత పేపర్లలో వేయించిన ప్రకటనల్ని అందులో పోగుచేస్తున్నారు. ముప్పై వేలకు పైగా ఉన్నాయి.

దీంట్లో ఒక తిరకాసు ఉంది. ప్రకటన ఇచ్చేవాడికి మనిషి దొరకాలి. దొరకాలంటే గుర్తులు నిజంగా చెప్పాలి. ఎత్తెంత, నడకెలా ఉంటుంది, ఏ భాషలు మాట్లాడతాడు, ఏ బట్టలేసుకుని వెళ్లింది, ఫిడేలు వాయిస్తాడా, చదవడం వచ్చా. వీపు మీద మచ్చలున్నాయి అని రాయక తప్పదు, ఆ మచ్చ ఎవరు చేశారో చదివేవాడికి అర్థమైపోయినా సరే. ఫలానా ఊళ్లో భార్య ఉంది, అటే వెళ్లి ఉండొచ్చు అని రాయాలి. సెన్సస్ ఫారం మూడు నాలుగు గుర్తులతో సరిపెట్టిన మనిషి ఈ నాలుగు లైన్లలో నిలువెత్తున కనిపిస్తాడు. తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ 1804లో ఇచ్చిన ప్రకటన కూడా దొరుకుతుంది. పట్టిచ్చినవాళ్లకి 50 డాలర్లు, ఆపైన పారిపోయినవాణ్ణి కొట్టే ప్రతి వంద కొరడా దెబ్బలకీ ఇంకో పది డాలర్లు, మూడు వందల దెబ్బల వరకు. ఆయన బొమ్మ ఇరవై డాలర్ల నోటు మీద ఉంటుంది.

జార్జ్ వాషింగ్టన్ ఇంటి నుంచి కూడా ఒక ప్రకటన వచ్చింది. 1796 మే నెలలో ఫిలడెల్ఫియాలోని అధ్యక్షుడి ఇంటి నుంచి ఓనా జడ్జ్ అనే యువతి వెళ్లిపోయింది. ఆమె మార్తా వాషింగ్టన్ దగ్గర పనిచేసేది. ఆమె ముఖం, జుట్టు, ఒడ్డూ పొడుగూ అన్నీ వర్ణించి, వెళ్లిపోవడానికి ఏ కారణమూ లేదని ప్రకటనలో రాశారు. అక్కడితో ఆగిపోతే మనకి తెలిసేది అంతే. కానీ ఓనా న్యూ హ్యాంప్‌షైర్ చేరి, మళ్లీ పట్టుబడకుండా, 1848లో చనిపోయేదాకా అక్కడే బతికింది. 1840లలో పత్రికలవాళ్లకి తన కథ తనే చెప్పింది. కారణం ఉంది. మార్తా తన మనవరాలికి ఆమెని ఇచ్చేయాలనుకున్నట్టు తెలిసింది. ఇంట్లోవాళ్లు వర్జీనియా ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటుంటే తనూ సర్దుకుంది, వేరే దారిలో పోవడానికి. వాళ్లు భోజనాల దగ్గర ఉన్నప్పుడు బయటికి నడిచింది.

ఒకే ఘటనకి రెండు రికార్డులు. యజమాని రికార్డులో 'కారణం' గడి ఖాళీ. ఆమె మాటల్లో అది నిండుగా ఉంది. డిజిటల్ పనిలో అసలు సత్తా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టగలగడంలో ఉంది.

యుద్ధం అయిపోయి స్వేచ్ఛ వచ్చాక ప్రకటనలు అటు నుంచి ఇటు తిరిగాయి. ఇప్పుడు వెతికేది విడుదలైన మనుషులు. అమ్మ కోసం, తమ్ముడి కోసం, ఎప్పుడో అమ్మేసిన కూతురి కోసం. న్యూ ఆర్లీన్స్‌లో ఒక చర్చి పత్రిక 'లాస్ట్ ఫ్రెండ్స్' అనే శీర్షికే పెట్టింది. చందాదారులు కానివాళ్లకి యాభై సెంట్లు. పాస్టర్లు వాటిని చర్చిలో చదివి వినిపించాలని కోరేవాళ్లు, ఎందుకంటే అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి చదువు రాదు. విలనోవా యూనివర్సిటీ 'లాస్ట్ సీన్' ప్రాజెక్ట్ 2017 నుంచి ఇలాంటి ప్రకటనల్ని వేలల్లో ఎక్కిస్తోంది. చివరిసారి ఎక్కడ చూశారు, అప్పుడు యజమాని ఎవరు, ఎవరికి అమ్మారు అన్నీ అందులో ఉంటాయి. పాతికేళ్ల, ముప్పై ఏళ్ల కిందటి సంగతి తలలో అలాగే ఉంచుకున్నారు. ఏ ఖాతా పుస్తకమూ రాయని డేటా అది.

శ్రీనివాస్ ప్రాబ్లం

పేర్లు దొరికాయి, ఇక సెర్చ్ కొట్టడమేగా అనుకోవచ్చు. ఇక్కడే అసలు ఇంజనీరింగ్ మొదలవుతుంది.

1865లో పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో విడుదలైనవాళ్లకి రేషన్, పని ఒప్పందాలు, పెళ్లి నమోదు, వైద్యం లాంటివి చూసేది. దాని కాగితాలు 1870 గోడకి సరిగ్గా ఇవతలా అవతలా ఉంటాయి. 2015 జూన్ 19న వాటికి పేర్ల ఇండెక్స్ తయారుచేసే పని మొదలైంది. ఏడాదిలో 25 వేలకు పైగా వాలంటీర్లు స్కాన్లు చూసి దాదాపు 18 లక్షల పేర్లు టైప్ చేశారు. అంత చేతిరాతని చదవడం అప్పట్లో సాఫ్ట్‌వేర్ వల్ల అయ్యే పని కాదు. ఇప్పుడు చేతిరాత చదివే టూల్స్ బాగా మెరుగయ్యాయి, అయినా చివరి మాట మనిషిదే.

కానీ పేర్లు రాసిన గుమాస్తా చెవికి విన్నది విన్నట్టు రాశాడు. మన శ్రీనివాస్‌నే తీసుకోండి. ఇంగ్లీష్‌లో రాయమంటే ఎన్ని స్పెల్లింగులు! ఎస్ తర్వాత ఆర్ ఒకరిది, మధ్యలో హెచ్ ఒకరిది, రెండు ఈలు ఇంకొకరివి. మామూలు సెర్చ్‌కి వీళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. దీనికి 1918లోనే పేటెంట్ పొందిన ఒక ఉపాయం ఉంది, పేరు సౌండెక్స్. మొదటి అక్షరం ఉంచి, అచ్చులు తీసేసి, దగ్గర దగ్గరగా పలికే హల్లులకి ఒకే అంకె ఇస్తుంది. శ్రీనివాస్ స్పెల్లింగులు మూడూ ఎస్651 అయిపోతాయి. అమెరికా జనాభా లెక్కల ఇండెక్స్ కార్డులు దీంతోనే సర్దారు.

సౌండెక్స్ కూడా చేతులెత్తేసే చోటు ఇంటిపేరు. విడుదలయ్యాక కొందరు చివరి యజమాని ఇంటిపేరు పెట్టుకున్నారు, కొందరు అంతకుముందు యజమానిది, కొందరు తమకి నచ్చింది. ఒకే మనిషి 1866లో ఒక పేరుతో, 1870లో ఇంకో పేరుతో ఉండొచ్చు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ముందా వెనకా అన్నదానికే అమెరికా వెళ్లిన మన పిల్లలు ఎన్ని కౌంటర్లు తిరుగుతారో తెలుసుగా. వీళ్లకి తిరగడానికి కౌంటరే లేదు. అందుకే వెతికేవాళ్లు పేరొక్కటే చూడరు. పిల్లల పేర్ల వరుస, వయసుల మధ్య తేడా, పక్కింట్లో ఎవరున్నారు, ఏ కౌంటీ, ఇవన్నీ కలిపి చూస్తారు. ఒక మనిషిని గుర్తుపట్టాలంటే చుట్టూ ఉన్నవాళ్లని కూడా గుర్తుపట్టాలి. పాత 1850 ఫారం పేరుతోపాటు ఈ చుట్టరికాలన్నిటినీ కూడా చెరిపేసిందని ఇక్కడ అర్థమవుతుంది.

ఐజాక్ పేరు

ఇదంతా అకడమిక్ వ్యవహారం అనిపిస్తే ఇది వినండి. 1838లో జార్జ్‌టౌన్ యూనివర్సిటీని నడిపే మేరీలాండ్ జెసూట్ ఫాదర్లు 272 మంది బానిసల్ని లూసియానాకి అమ్మేశారు. 1,15,000 డాలర్లకి. అందులో కొంత డబ్బు కాలేజీ అప్పులు తీర్చింది. ఆ అమ్మకం ఒప్పందంలో అందరి పేర్లూ ఉన్నాయి. సరుకు లెక్కపెట్టి అప్పగించాలి కాబట్టి రాశారు.

2016లో యూనివర్సిటీ ఆ కాగితాల్ని స్కాన్ చేసి 'జార్జ్‌టౌన్ స్లేవరీ ఆర్కైవ్'గా ఆన్‌లైన్‌లో పెట్టింది. వంశవృక్షాలు వెతికేవాళ్లు ఒప్పందంలోని పేర్లని ఓడ మానిఫెస్టుతో, లూసియానా చర్చి రికార్డులతో, 1870 లెక్కలతో జోడించుకుంటూ వచ్చారు. వేలమంది వారసులు బయటపడ్డారు. చాలామందికి ఒకరికొకరు బంధువులన్న సంగతే అప్పటిదాకా తెలీదు. వాళ్లకి అడ్మిషన్లలో పూర్వవిద్యార్థుల పిల్లలతో సమానంగా ప్రాధాన్యం ఇస్తామని యూనివర్సిటీ ప్రకటించింది. 2017లో, ఆ అమ్మకం చేసిన అధ్యక్షుడి పేరుతో అంతకుముందు ఉన్న భవనానికి పేరు మార్చి 'ఐజాక్ హాకిన్స్ హాల్' అని పెట్టారు. ఒప్పందం జాబితాలో మొదటి పేరు ఐజాక్‌ది.

ఒక భవనం పేరు మారితే న్యాయం జరిగిపోయినట్టేనా అని వారసుల్లోనే చాలామంది అడిగారు. అడగాల్సిందే. కానీ పేరే లేకపోతే ఆ ప్రశ్న అడగడానికి మనిషే ఉండడు. 272 అనే సంఖ్య ఎవరికీ తాతయ్య కాలేదు. ఐజాక్ అయ్యాడు.

ఈ వారం మీ పని

రీల్స్ కొంచెం పక్కనపెట్టి ఒక అరగంట కేటాయించండి. ముందు స్లేట్ పత్రిక 2015లో చేసిన రెండు నిమిషాల యానిమేషన్ చూడండి. 20,528 ఓడ ప్రయాణాలు చుక్కలుగా అట్లాంటిక్ దాటుతుంటాయి. అక్కడితో ఆగిపోకండి. పాజ్ చేసి ఒక్క చుక్క మీద నొక్కితే ఆ ఓడ వివరాలొస్తాయి. ఆ తర్వాత 'ఫ్రీడమ్ ఆన్ ది మూవ్' తెరిచి ఒక్క ప్రకటన చదవండి. అక్కడ మనలాంటివాళ్లు కూడా టైప్ చేసి సాయం చేయొచ్చు. పాత అచ్చు మసకగా ఉంటుంది, ఇంగ్లీష్ కాస్త వింతగా ఉంటుంది, నాలుగు లైన్లకి పది నిమిషాలు పడుతుంది. చివర్లో ఫారం మిమ్మల్ని కొన్ని ప్రశ్నలడుగుతుంది. అందులో ఒకటి, పారిపోయిన ఆ మనిషి పేరు.

ఆ గడి మీరు నింపాలి. 1850లో తీసేసింది దాన్నే.

వచ్చే వారం ఇంకో సంగతితో కలుద్దాం.